నడుస్తున్న రూటర్‌లో కార్డు మార్చడం

పెద్ద రూటర్‌లో లైన్లు వచ్చి చేరే ఒక కార్డు చెడిపోతే, రూటర్‌ను ఆపకుండానే దాన్ని బయటికి లాగి కొత్తది పెట్టవచ్చు. ఇవాళ ఇది ఎవరికీ వింతగా తోచదు. కానీ ఈ సౌలభ్యం వెనుక సుమారు అరవై ఏళ్ల ఆలోచన ఉంది. ఒక ప్రమాదాన్ని తొలగించగానే దాని చాటున ఉన్న మరొకటి బయటపడుతూ వచ్చింది. అందుకే ఇంజనీర్లు మొదట కార్డును కాపాడుకున్నారు, తర్వాత పెట్టెను, ఆ తర్వాత పెట్టె చుట్టూ అల్లుకున్న నెట్‌వర్క్‌ను.

టెలిఫోన్ పట్టుదల, కంప్యూటర్ సర్దుబాటు

యంత్రం ఆగకూడదన్న పట్టుదల మొదట టెలిఫోన్ వాళ్లది. 1965లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, సకసన్నా అనే ఊళ్లో టెలిఫోన్ సంస్థ బెల్ వ్యవస్థ 1ఈఎస్‌ఎస్ ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీని ప్రారంభించింది. నలభై ఏళ్లలో అది ఆగే సమయమంతా కలిపినా రెండు గంటలు దాటకూడదని లక్ష్యం పెట్టుకున్నారు. అంటే ఏడాదికి మూడు నిమిషాలు. ప్రాసెసర్లు రెండు పెట్టారు. ఒకటి మరమ్మతులో ఉంటే రెండోది కాల్స్ నడిపేది.

1969లో మొదలైన కంప్యూటర్ నెట్‌వర్క్ ఆర్పానెట్‌కు అంత వైభవం లేదు. బీబీఎన్ సంస్థ హనీవెల్ డీడీపీ-516 కంప్యూటర్‌ను మార్చి తయారుచేసిన 'ఇంప్' అనే యంత్రమే ఆనాటి రూటర్. బీరువా అంత ఉండేది, బరువు దాదాపు 400 కిలోలు. కరెంటు పోయి వస్తే తనంతట తానే మళ్లీ మొదలయ్యేది. ప్రోగ్రాం చెడిపోతే పక్క ఊరి ఇంప్ నుంచి లైను మీదుగా తెచ్చి ఎక్కించుకోవచ్చు. కానీ లోపలి భాగం మార్చాలంటే యంత్రాన్ని ఆపక తప్పదు. ఆ కాసేపు మిగతా ఇంప్‌లు డేటా ముక్కలైన ప్యాకెట్లను వేరే దారిలో పంపుకునేవి. ఒక్కో యంత్రాన్ని అమరం చేయడం కన్నా, ఒకటి పడిపోయినా నెట్‌వర్క్ నిలబడేలా చూడటమే ఆర్పానెట్ రూపకర్తల దారి. టెలిఫోన్ వాళ్ల దారీ ఈ దారీ చివరికి రూటర్‌లోనే కలిశాయి.

ఈ రెండు దారుల నడుమ ఒక మజిలీ ఉంది. 1976లో టాండెమ్ సంస్థ తన మొదటి నాన్‌స్టాప్ కంప్యూటర్‌ను సిటీబ్యాంకుకు అందించింది. అందులో ప్రతి కీలక భాగానికీ ఓ జత ఉండేది. చెడినదాన్ని వ్యవస్థ నడుస్తుండగానే తీసి మార్చవచ్చు. బ్యాంకు లెక్కలకు కుదిరినది ప్యాకెట్లకూ కుదరాలి కదా!

పిన్నుల పొడవులో కిటుకు

1980ల రూటర్లలో కార్డు మార్చాలంటే పవర్ ఆపాల్సిందే. సిస్కో సంస్థ ఏజీఎస్ తరం రూటర్లు విశ్వవిద్యాలయాల్లో, పరిశోధనశాలల్లో ఉన్నంత కాలం అది పెద్ద ఇబ్బంది కాలేదు. అర్ధరాత్రి ఆపి, మార్చి, మళ్లీ ఆన్ చేసేవారు. బ్యాంకులు, ఇంటర్నెట్ సేవల కంపెనీలు ఒకే పెట్టెలోకి వందల లైన్లు తెచ్చి కలిపాక ఆ అర్ధరాత్రి ఖరీదైపోయింది. 1993లో వచ్చిన సిస్కో 7000లో నడుస్తుండగానే కార్డు తీసి పెట్టే ఏర్పాటు చేశారు. ఇంజనీర్లు దాన్ని 'ఓఐఆర్' అని పిలుచుకున్నారు.

కరెంటు ఉన్న స్లాట్‌లోకి కార్డు తోస్తే మూడు గండాలు. ఒకటి, కార్డు మీది ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు గుంజుకుంటాయి. పంపు తిప్పగానే వట్టి ట్యాంకులోకి నీళ్లు దూకి, మిగతా కుళాయిల్లో ధార పడిపోయినట్టు, పక్క కార్డులకు వోల్టేజీ పడిపోతుంది. రెండు, ఎర్త్ తగలకముందే సిగ్నల్ పిన్ను తగిలితే, కరెంటు వెళ్లకూడని దారిలో చిప్‌లోకి దూరి దాన్ని కాల్చేస్తుంది. మూడు, సగం తగిలిన పిన్నులు కార్డులన్నీ పంచుకునే సంకేతాల దారిలోకి, అంటే బస్సులోకి, పిచ్చి సంకేతాలు వదులుతాయి. వాటిని మిగతా కార్డులు డేటా అనుకుంటాయి.

దీనికి విరుగుడు పిన్నుల పొడవుల్లో దొరికింది. ఎర్త్, పవర్ పిన్నులు పొడుగ్గా, సిగ్నల్ పిన్నులు పొట్టిగా చేస్తే, తోసే చెయ్యి ఎవరిదైనా తగిలే వరస మారదు. లాగేటప్పుడు అదే వరస తిరగబడుతుంది. ఇవాళ ఫైబర్ కొసన పెట్టే వేలెడంత ఎస్‌ఎఫ్‌పీలో కూడా ముందు ఎర్త్, తర్వాత పవర్, చివర సిగ్నల్. కరెంటు దూకుడును ఆపడానికి కార్డు మీదే ఒక ట్రాన్సిస్టర్ పెట్టి, వోల్టేజీని మెల్లగా పెరగనిచ్చే సర్క్యూట్లు వచ్చాయి.

పిన్నులు కాపాడలేనిది మనిషి ఒంటి మీది స్థిర విద్యుత్తు. మనకు చురుక్కుమని తెలియాలంటే సుమారు మూడు వేల వోల్టులు ఉండాలి. కొన్ని చిప్‌లు వంద వోల్టులకే దెబ్బతింటాయి. ఒక్కోసారి అప్పుడు బాగానే పనిచేసి, నెలల తర్వాత ఆగిపోతాయి. అందుకే మణికట్టుకు పట్టీ కట్టుకుని రూటర్ ఛాసిస్‌కు తగిలించుకోవాలి. ఆ పట్టీ నిరోధం 1 నుంచి 10 మెగోమ్‌ల మధ్య ఉండాలని మాన్యువళ్లు చెబుతాయి. పట్టీ కట్టుకునే ఓపిక లేని తొందరకు ఇన్నేళ్లయినా యంత్రంలో విరుగుడు రాలేదు.

కార్డు బతికింది, పెట్టె తడబడింది

పిన్నులు కార్డును కాపాడాయి. కానీ 7000లోనూ, తర్వాత వచ్చిన 7500లోనూ కార్డులన్నీ ఉమ్మడి బస్సు మీద, ఉమ్మడి ప్యాకెట్ మెమరీ మీద ఆధారపడ్డాయి. 7500లో ఒక కార్డు మారితే కొన్ని సందర్భాల్లో రూటర్ ఆ మెమరీని మళ్లీ మొదటి నుంచి పంచేది. ఆ కొన్ని సెకన్లూ బాగున్న కార్డుల మీది ప్యాకెట్లూ ఆగేవి. ఒకదాని తర్వాత ఒకటి తీసేటప్పుడు నడుమ కాసేపు ఆగమని మాన్యువళ్లు హెచ్చరించింది ఇందుకే.

ఒక మంచి పద్ధతి మాత్రం అప్పుడే స్థిరపడింది. అదే రకం కార్డును అదే స్లాట్‌లో పెడితే పాత కాన్ఫిగరేషన్‌తో లేచేది. కొత్త రకం పెడితే దాని ఇంటర్‌ఫేస్‌లు మూసే ఉండేవి, ఇంజనీరు తెరిచేదాకా.

1997లో వచ్చిన సిస్కో 12000, 1998లో వచ్చిన జూనిపర్ సంస్థ ఎం40 నిర్మాణాన్నే మార్చాయి. 12000లో ఉమ్మడి బస్సు స్థానంలో, కార్డుల మధ్య వేర్వేరు దారులు కలిపే స్విచ్చింగ్ ఫ్యాబ్రిక్ వచ్చింది. ఎం40లో దారులు లెక్కించే భాగం ఒకటి, ప్యాకెట్లు పంపే భాగం ఇంకొకటి అయ్యాయి. చాలా జూనిపర్ యంత్రాల్లో కార్డుకొక బటన్ ఉంటుంది. దాన్ని నొక్కిపట్టి, దీపం ఆరాక లాగాలి. కాంపాక్ట్‌పీసీఐ అనే రకం కార్డులకు 1998లో వచ్చిన హాట్‌స్వాప్ (నడుస్తుండగా మార్చే) ప్రమాణంలో హ్యాండిల్ తెరవగానే లోపలి స్విచ్ సాఫ్ట్‌వేర్‌కు కబురు పెడుతుంది. పనులు ముగించుకున్నాక నీలి దీపం వెలిగితే, ఇక తీయవచ్చని అర్థం. నేను పోతున్నానని కార్డు, సరే వెళ్లమని వ్యవస్థ చెప్పుకునే మర్యాద అలా ఏర్పడింది.

పొరుగువాళ్లకు చెప్పి వెళ్లడం

పెట్టె కుదుటపడ్డాక తేలిన సంగతి మరొకటి. కార్డు పోతే దాని అవతలి రూటర్లు కలవరపడతాయి. దారులు తెగి, మళ్లీ అతుక్కుని, ఆ వార్త దూరదూరాలకు పాకుతుంది. కాబట్టి భద్రత ప్రోటోకాల్స్‌లోకి చేరింది. 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3137 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం, రూటర్లు దారులు లెక్కించుకునే ఓఎస్‌పీఎఫ్ ప్రోటోకాల్‌కు ఒక ఉపాయం చెప్పింది: రూటర్ తన లైన్ల ఖరీదును గరిష్ఠంగా, 65535గా చాటుకుంటే పొరుగువాళ్లు వేరే దారి చూసుకుంటారు. 2003లో ఓఎస్‌పీఎఫ్‌కూ, 2007లో సంస్థల మధ్య దారుల సమాచారం పంచే బీజీపీకీ 'గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్' వచ్చింది. దాంతో దారులు లెక్కించే భాగం కాసేపు మౌనంగా ఉన్నా, ప్యాకెట్లు పాత దారిలోనే పోతాయి. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8326 ఇచ్చిన ఏర్పాటుతో, లింకు మూసేముందే ఆ సంగతి పొరుగు సంస్థల రూటర్లకు తెలియజేయవచ్చు.

మిగిలిన ప్రమాదం

1985లోనే టాండెమ్‌లో పనిచేస్తున్న జిమ్ గ్రే తమ వినియోగదారుల యంత్రాలు ఆగిన కారణాలను లెక్కగట్టాడు. నిర్వహణ, ఆపరేటర్ల పొరపాట్ల వాటా 42 శాతం, హార్డ్‌వేర్‌ది 18 శాతం. జతలు పెట్టి హార్డ్‌వేర్‌ను గట్టిపరిచిన కొద్దీ మనిషి తప్పే ముందుకొచ్చింది. రూటర్ విషయంలోనూ అంతే. లాగడం తేలికైనప్పుడు పక్క స్లాట్‌లోని మంచి కార్డును లాగడమూ తేలికే. అందుకే చాలా యంత్రాల్లో కార్డు మీది దీపాన్ని దూరం నుంచి వెలిగించే కమాండ్ ఉంటుంది. డేటా సెంటర్‌లో నిలబడ్డ టెక్నీషియన్, ఎక్కడో కూర్చున్న ఇంజనీరు ఒకే కార్డు గురించి మాట్లాడుకుంటున్నారని అది రుజువు చేస్తుంది.

ఇప్పటి మంచి పద్ధతిలో కార్డు లాగడం దాదాపు చివరి పని. ముందు కాన్ఫిగరేషన్ దాచుకోవాలి, ట్రాఫిక్‌ను వేరే దారికి మళ్లించాలి, కార్డు మీది ట్రాఫిక్ లెక్కలు సున్నాకు దిగాయో లేదో చూడాలి, కేబుళ్లకు గుర్తులు కట్టాలి, కార్డును కమాండ్‌తో ఆపాలి. కొత్తది లేచాక సాఫ్ట్‌వేర్ వెర్షన్ సరిచూసి, ట్రాఫిక్‌ను మెల్లగా వెనక్కి తేవాలి. నడుస్తుండగా లాగినా తట్టుకునే యంత్రం కోసం దశాబ్దాలు శ్రమించారు. తీరా అది చేతికొచ్చాక, ఖాళీ చేయకుండా కార్డు లాగవద్దన్నదే అనుభవజ్ఞుల నియమం. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. పిన్నులూ దీపాలూ ప్రోటోకాల్సూ ఉన్నది తొందరపడటానికి కాదు, అంత జాగ్రత్తలోనూ ఒకటి తప్పిపోతే నెట్‌వర్క్‌ను నిలబెట్టడానికి.