బ్రౌజరు వేలిముద్ర

బ్రౌజరు వేలిముద్ర అనగా ఒక బ్రౌజరు లక్షణాలను, అది నడిచే కంప్యూటరు లక్షణాలను కలిపి, వాటి ఆధారంగా ఆ బ్రౌజరును తిరిగి గుర్తుపట్టే పద్ధతి. కుకీలు వాడుకరి కంప్యూటరులో నిల్వ ఉంటాయి కనుక వాటిని తొలగించవచ్చు. వేలిముద్ర కోసం కంప్యూటరులో ఏదీ దాచనవసరం లేదు కాబట్టి, తొలగించడానికీ ఏమీ ఉండదు.

పనిచేసే విధానం

వెబ్‌సైటును తెరిచినప్పుడు బ్రౌజరు తన పేరు, వెర్షను, భాష వంటి వివరాలను సర్వరుకు పంపుతుంది. పేజీలోని జావాస్క్రిప్టు ద్వారా తెర కొలతలు, టైమ్ జోను, ఫాంట్ల వంటివి కూడా తెలుసుకోవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ మనిషిని పట్టివ్వదు. అన్నీ కలిసినప్పుడు ఆ కలయిక అరుదైనది అవుతుంది. ఉదాహరణకు, అమెరికాలో ఉంటూ బ్రౌజరులో తెలుగును మొదటి భాషగా ఎంచుకున్నవారు, ఇంగ్లీషును ఎంచుకున్నవారి కంటే చాలా చిన్న గుంపులో ఉంటారు.

కాన్వాస్ పద్ధతిలో బ్రౌజరు చేత కంటికి కనబడకుండా ఒక బొమ్మను గీయిస్తారు. గ్రాఫిక్స్ కార్డు, డ్రైవరు, ఫాంట్లను బట్టి పిక్సెళ్ళలో స్వల్ప తేడాలు వస్తాయి. 2012లో కీటన్ మోవరీ, హోవావ్ షాకమ్ ఈ పద్ధతిని వివరించారు.

పరిశోధన

2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషనుకు చెందిన పీటర్ ఎకర్స్‌లీ, పానోప్టిక్లిక్ అనే ప్రయోగం ద్వారా 4,70,161 బ్రౌజర్ల వేలిముద్రలను పరిశీలించాడు. వాటిలో 83.6 శాతం మరి దేనితోనూ కలవలేదు. ఈ ప్రయోగం 2020లో కవర్ యువర్ ట్రాక్స్ అనే పేరుతో కొత్త రూపం పొందింది.

ఉపయోగాలు, అభ్యంతరాలు

దొంగ లాగిన్‌లను పసిగట్టడానికి బ్యాంకులు ఇటువంటి వివరాలను వాడతాయి. ప్రకటనల సంస్థలు వాడుకరిని ఒక సైటు నుండి మరొక సైటుకు వెంబడించడానికి కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది. ఇది వాడుకరికి తెలియకుండా జరగడమే ప్రధానమైన అభ్యంతరం.

రక్షణ మార్గాలు

రక్షణకు రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది అందరూ ఒకేలా కనబడటం. టార్ బ్రౌజరు ఇందుకోసం విండో కొలతలను సవరించి, టైమ్ జోనును అందరికీ ఒకటిగా చూపుతుంది. రెండవది ప్రతిసారీ వేరుగా కనబడటం. బ్రేవ్ బ్రౌజరు కాన్వాస్ వంటి ఫలితాలలో స్వల్ప మార్పులు చేస్తుంది. ఫైర్‌ఫాక్స్ 2020 నుండి, వేలిముద్రలు సేకరిస్తాయని పేరుపడిన సంస్థల స్క్రిప్టులను అడ్డుకుంటున్నది.

వీపీఎన్ ఐపీ చిరునామాను మాత్రమే మరుగుపరుస్తుంది. ప్రైవేటు విండోను మూసినప్పుడు చరిత్ర, కుకీలు చెరిగిపోతాయి, కానీ కంప్యూటరు లక్షణాలు మారవు. గోప్యత కోసం అనేక యాడాన్లను చేర్చుకుంటే, ఆ కూర్పే అరుదైనదై వాడుకరిని మరింత సులభంగా పట్టివ్వవచ్చు. అందువలన సొంతంగా అనేక మార్పులు చేయడం కంటే, ఎక్కువమంది వాడే రక్షణ అమరికలను యథాతథంగా ఉంచడం మేలు.

ఇవి కూడా చూడండి

కుకీ
టార్
జావాస్క్రిప్టు