తంగేడు

తంగేడు చిక్కుడు కుటుంబానికి చెందిన పొద. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. లిన్నేయస్ 1753లో దీన్ని కేసియా ప్రజాతిలో చేర్చాడు కాబట్టి పాత పుస్తకాల్లో కేసియా ఆరిక్యులేటాగా కనిపిస్తుంది. భారతదేశం, శ్రీలంకల్లోని మెట్ట ప్రాంతాలు దీని సొంత నేల. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం వైపు ఎర్ర చెలకల్లో, గుట్టల వాలుల్లో, బాటల పక్కన ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2014లో దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. వెంచర్ల కోసం నేల చదును చేసేటప్పుడు మొదట పోయేదీ ఇదే. ఆ తర్వాత అక్కడే నీళ్లు పోస్తే తప్ప బతకని పూలమొక్కలు పెడతారు.

పూత మీదున్న తంగేడును ఇక్కడ ఎవరైనా గుర్తుపడతారు. పూలు లేనప్పుడు ఆకును చూడాలి. ఒక్కో ఆకుకు 8 నుంచి 12 జతల చిన్నాకులు, ప్రతి జత మధ్య నిటారుగా నిలిచిన సన్నని గ్రంథి ఉంటాయి. ఆకు కొమ్మకు అంటుకున్న చోట చెవుల్లాంటి వెడల్పాటి పత్రపుచ్ఛాలు రాలిపోకుండా నిలుస్తాయి. ఈ రెండు గుర్తులూ ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. కసివిందకు తొడిమ మొదట్లో ఒక్కటే గ్రంథి; దాని ఆకు నలిపితే చెడు వాసన వస్తుంది. సునాముఖి అనే నేలతంగేడు ఆకుకు గ్రంథులే ఉండవు. రోడ్ల వెంట నీడకు పెంచే సీమతంగేడు పెద్ద చెట్టు.

పసుపు పువ్వు సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పు. పది కేసరాల్లో పైమూడూ గొడ్డువి. పువ్వులో తేనె దొరకదు, పుప్పొడి కూడా సంచుల కొనన ఉన్న రంధ్రాల్లోంచే రాలాలి. అందుకే తుమ్మెద పువ్వును పట్టుకొని ఒళ్లు అదిలిస్తుంది. పొద దగ్గర వినిపించే రొద ఎక్కువగా దానిదే. కాయ పలుచగా, బల్లపరుపుగా ఉంటుంది.

పెంచడానికి విత్తనమే మేలు. పెంకు గట్టిది కనుక గరుకు కాగితంతో రుద్ది గానీ, వేడినీళ్లు పోసి అవి చల్లారేదాకా ఉంచి గానీ విత్తాలి. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి గుట్ట మీద పెరిగిన మొక్కను పీకి తెచ్చి నాటితే సాధారణంగా బతకదు. తొలకరిలో నేరుగా విత్తితే సరి. ఎండ బాగా తగలాలి, నీరు నిలవకూడదు. పూత అయ్యాక కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా వస్తుంది. పప్పుజాతి బంధువే అయినా సెన్నా మొక్కల వేళ్లకు నత్రజని బుడిపెలు సాధారణంగా కట్టవు. అయినా దీని రొట్టను పొలంలో తొక్కి ఎరువుగా వాడే అలవాటుంది.

టానిన్ దండిగా ఉన్న బెరడు దక్షిణాది తోళ్ల శుద్ధికి ముఖ్యమైన సరుకుగా ఉండేది; తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన వాటిల్ బెరడు దాని చోటును చాలావరకు ఆక్రమించింది. ఇప్పుడు దీనికి పెద్ద గిరాకీ భాద్రపద అమావాస్యతో మొదలయ్యే బతుకమ్మ రోజుల్లోనే. గునుగుతో కలిపి వరుసలుగా పేర్చడానికి పూలగుత్తులు చాలు, కొమ్మలు విరవనక్కర్లేదు. అన్ని గుత్తులూ కోసేస్తే ఆ పొద మీద విత్తనానికి కాయ మిగలదు.