అట్ట మీద పేరు ఎవరు రాస్తారు?

పోస్టు కొంచెం పెద్దదే. రాత్రి మెస్సులో తిన్నాక తీరిగ్గా చదవండి. మన డోలి తాతల పాటల గురించి రాద్దామని మా రూమువాళ్లం కూర్చున్నాం. కానీ కథ అమెరికా నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

ముందు రికార్డు అట్టల సంగతి. పాత గ్రామఫోను రికార్డులు మామూలు కాగితపు కవర్లలో వచ్చేవి. మధ్యలో గుండ్రంగా కోసిన కంతలోంచి లేబుల్ కనపడేది, అంతే. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ రికార్డు కోసం పాడినప్పుడు, పాట అయిపోగానే తన పేరు తనే గట్టిగా చెప్పింది. ఆ మాట కూడా రికార్డులో ఉండిపోయింది. అట్ట చిరిగినా, లేబుల్ ఊడినా ఆమె పేరు పోదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

1940లో కొలంబియా కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రాడు రికార్డుల అట్టల మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. 1948లో ఎల్పీ వచ్చింది. 12 అంగుళాల రికార్డు, దానికి అడుగు పొడవు అడుగు వెడల్పు అట్ట. కొనేవాళ్లు ముందు అట్టనే చూస్తారు కదా, కంపెనీలు దానిమీద బాగా ఖర్చుపెట్టాయి. రంగుల అచ్చు వేయించాలంటే వేలల్లో వేయిస్తేనే గిట్టుబాటు. కాబట్టి అట్ట మీద ఎవరి ముఖం ఉండాలి, ఎవరి పేరు ఎంత పెద్దగా ఉండాలి అనేది డబ్బున్నోళ్ల చేతిలోకి పోయింది.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. పేరు సన్ రా. 1914లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. ఇంట్లో పెట్టిన పేరు హెర్మన్ బ్లౌంట్. నల్లజాతివాళ్లకు బడి వేరు, బస్సులో సీటు వేరు అన్న ఊరు అది. 1946లో షికాగో చేరాడు. పియానో వాయించేవాడు, సొంత బృందం పెట్టాడు. 1952లో చట్టప్రకారం పేరు మార్చుకున్నాడు. తాను శనిగ్రహం నుంచి వచ్చానని చెప్పుకునేవాడు. మొదట చదివినప్పుడు మేం కూడా నవ్వాం. తర్వాత మాలో ఒకడు అన్నాడు, "పుట్టిన ఊళ్లో మనిషిగా చూడకపోతే, నాది ఈ ఊరే కాదు పొమ్మనడమే కదరా?" అని. ఆ మాటతో నవ్వు ఆగిపోయింది.

శనిగ్రహాన్ని ఇంగ్లీషులో శాటర్న్ అంటారు. ఆల్టన్ అబ్రహాం అనే స్నేహితుడితో కలిసి సన్ రా 1950ల మధ్యలో పెట్టిన కంపెనీ పేరు ఎల్ శాటర్న్ రికార్డ్స్. నల్లజాతి సంగీతకారులు సొంతంగా కంపెనీ నడపడం అప్పట్లో చాలా అరుదు. 1952లో చార్లెస్ మింగస్, మాక్స్ రోచ్ వాళ్లు డెబ్యూ రికార్డ్స్ పెట్టారు. ఆ బాటలోనే ఇదీ.

మొదట్లో క్లాడ్ డేంజర్‌ఫీల్డ్ అనే చిత్రకారుడి బొమ్మలతో కొన్ని అట్టలు అచ్చు వేయించారు. రికార్డు ఫ్యాక్టరీలో ఒత్తించక తప్పదు, దానికే డబ్బు అయిపోయేది. కొన్ని రికార్డులైతే 75 కాపీలే ఒత్తించారని చెబుతారు. అన్ని తక్కువ కాపీలకు ఏ ప్రెస్సువాడు రంగుల అట్ట వేస్తాడు? అందుకని తర్వాత తర్వాత ఏ బొమ్మా లేని తెల్ల అట్టలు తెచ్చుకుని, బృందంలోవాళ్లే స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీశారు, రంగు కాగితాలు కత్తిరించి అంటించారు, పేర్లు చేత్తో రాశారు. 1968 నుంచి ఫిలడెల్ఫియాలో మార్టన్ వీధిలో ఒకే ఇంట్లో కలిసి ఉంటూ, సాధన చేస్తూ బతికారు. కచేరీలకు పోయినప్పుడు రికార్డులు పట్టుకుపోయి అక్కడే అమ్మేవారు. ఒక్కోసారి ఒకే రికార్డుకు రెండు మూడు రకాల అట్టలు, పేర్లు కూడా వేరేవేరే.

ఆ అట్టల ఫొటోలు చూస్తే గీతలు వంకర, అక్షరాలు ఒకచోట పెద్దవి ఒకచోట చిన్నవి. అయినా కన్ను తిప్పుకోలేం. ఎందుకని మేం చాలాసేపు వాదించుకున్నాం. ఏ రెండూ ఒకలా ఉండవు అని ఒకళ్లు, చేత్తో చేసింది కాబట్టి అని ఇంకొకళ్లు. చివరికి మాకు తట్టింది ఇది. బూర ఊదిన చెయ్యే ఆ అట్ట మీద గీత గీసింది. పాటకూ, కొన్న మనిషికీ మధ్య ఇంకెవడూ లేడు.

అయితే ఒక జాగ్రత్త. ఆ అట్టలు అందం కోసమే పుట్టలేదు, చేతిలో పైసల్లేక పుట్టాయి. 1993లో సన్ రా చనిపోయాడు. ఇవాళ ఆ రికార్డులను సేకరించేవాళ్లు చాలా పెద్ద రేట్లు పెట్టి కొంటున్నారు. 2022లో ఆ అట్టలతో పెద్ద బొమ్మల పుస్తకమే వచ్చింది. కానీ పాత రికార్డు చేతులు మారినప్పుడు వచ్చే లాభం అమ్మినవాడికి పోతుంది, గీసినవాళ్లకు కాదు. మన వెదురు బుట్టలూ అంతే కదా. సంతలో బేరమాడి తీసుకుపోయిందే పట్నంలో ఎగ్జిబిషన్లో "చేతిపని" అని చీటీ అంటించి అమ్ముతారు. లేమిని అందం అని పొగిడేటోళ్లు ఎక్కడ నిలబడి పొగుడుతున్నారో చూసుకోవాలి.

ఇక మన సంగతి. పాటకు బొమ్మ తోడుండటం మన కోయోళ్లకు కొత్త కాదు. డోలి తాతలు పడిగె విప్పి, అందులో బొమ్మలు చూపిస్తూ మన గట్టుల కథ, వేల్పుల కథ పాడతారు. 2022లో కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యగారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మా హాస్టల్లో అందరం గర్వపడ్డాం. పద్మశ్రీ ఒకరికి వస్తుంది. మిగతా తాతల పేర్లు ఎవరికి తెలుసు?

పోయిన ఎండాకాలం సెలవుల్లో మాలో ఒకడు తన ఊరి తాత పాట ఫోన్లో రికార్డు చేశాడు. తాత చివర్లో తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెప్పి ముగించాడు. గౌహర్ జాన్ లాగే. ఆమె గురించి ఆయనకు తెలియదు, మాకూ అప్పటికి తెలియదు. ఆ వీడియో మేమే పెట్టాం. కొన్ని రోజులకు ఎవరో దాన్ని తీసుకుని, కింద మ్యూజిక్ కలిపి, వాళ్ల లోగో వేసి, చివరి ముక్క కోసేసి పెట్టుకున్నారు. తాతకు చూపిస్తే పూర్తిగా విని ఒక్క మాటే అడిగాడు, "నా పేరేదిరా?" అని. మా దగ్గర జవాబు లేదు. తప్పులో మాకూ భాగం ఉంది. పెట్టే ముందు ఆయన్ని అడగలేదు.

అందుకే ఈసారి అడిగి చేస్తున్నాం. తాత ఒప్పుకున్న ఐదు పాటలు మెమరీ కార్డుల్లో ఎక్కిస్తున్నాం. మన ఊళ్లల్లో ముసలోళ్లు చిన్న స్పీకర్ డబ్బాల్లో కార్డు పెట్టుకునే కదా వినేది. పాత క్యాలెండర్ల వెనక తెల్లవైపు కత్తిరించి అట్టలు మడుస్తున్నాం. నలభై చాలు. మొదట పడిగె బొమ్మే గీద్దాం అనుకున్నాం. తాత ఒప్పుకోలేదు. "అది వేల్పు. జేబులో పెట్టుకు తిరిగేది కాదు" అన్నాడు. సరే అని డోలు బొమ్మ గీస్తున్నాం. లోపల పాడినవాళ్లు, డోలు కొట్టినవాళ్లు అందరి పేర్లూ, ఊళ్లూ చేత్తో రాస్తున్నాం. మాలో అందరి దస్తూరీ బాగుండదు, అయినా రాస్తున్నాం. వచ్చిన డబ్బు తాతల చేతికే.

మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కినవాళ్లం మేమే మొదలు. రాయడం నేర్చుకుంది ఉద్యోగం ఫారాలు నింపుకోడానికే అయితే, తాత అడిగినదానికి జవాబు ఎప్పటికీ చెప్పలేం.

మీ ఫోన్లల్లో కూడా ఎవరో ఒకరి పాట ఉంటుంది. ఈ ఆదివారం ఊరికి ఫోన్ చేసి, పాడినవాళ్ల పూర్తి పేరు కనుక్కోండి. కనుక్కుని ముందు ఒక కాగితం మీద రాసి పెట్టండి.

జై ఆదివాసీ.