అట్ట నుండి అంకెకు: అతుకుల బొంత చరిత్ర

ఉద్యోగ విరమణ అనంతరం పిల్లల వద్దకు అమెరికా వెళ్లి వచ్చిన సభ్యులు మన సంఘంలో పలువురున్నారు. అక్కడి మంచాలపై పరచే ‘క్విల్ట్’లను వారు చూచే ఉంటారు. మన బొంత వంటిదే గాని, పై పొరను రంగురంగుల ముక్కలతో లెక్క ప్రకారం అతుకుతారు. 30 సంవత్సరాలు డ్రాయింగ్ బ్రాంచిలో పనిచేసిన నన్ను ఆకర్షించినది ఆ లెక్కే. దానిని క్లుప్తంగా మనవి చేస్తాను.

పూర్వం ప్రతి ముక్కకూ ఒక అట్ట నమూనా ఉండేది. దానిని గుడ్డపై పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, కత్తెరతో కత్తిరించేవారు. ‘కాన్సస్ సిటీ స్టార్’ పత్రిక 1928 నుండి 1961 వరకు ఇటువంటి నమూనాలను ప్రచురించింది. అట్టతో ఒక చిక్కుంది. వాడగా వాడగా అంచు అరుగుతుంది. నకలుకు నకలు తీస్తే గీత మందం మేరకు కొలత పెరుగుతుంది. ట్రేసింగు చేసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

1979లో జపాన్‌కు చెందిన ఓల్ఫా సంస్థ రోటరీ కట్టర్‌ను తెచ్చింది. గుండ్రని బ్లేడు చక్రంలా దొర్లుతూ నాలుగు పొరల గుడ్డనైనా ఒకేసారి కోస్తుంది. స్కేలు ఆనించి బ్లేడును నడిపితే చాలు. కాబట్టి ఈ పనికి అట్ట అక్కరలేదు, అంకె కావాలి.

ఆ అంకెను అరిగిన అట్టను కొలిచి తీయరాదు. మొత్తం గడి కొలత నుండి తీయాలి. ‘చర్న్ డాష్’ అనే నమూనా చూడండి. పేరు వెన్న చిలికే కవ్వానిది. గడి 9 అంగుళాలు, మూడు వరుసలు. అంటే ఒక్కొక్క భాగం 3 అంగుళాలు. కుట్టుకు ఇరువైపులా పావు అంగుళం చొప్పున కలిపితే నడిమి చతురస్రం 3 1/2. మూలల త్రిభుజాలకు మాత్రం 3 7/8 అంగుళాల చతురస్రం కోసి, దానిని ఐమూలగా రెండు చేయాలి. త్రిభుజం కొసల వద్ద కుట్టు ఏటవాలుగా పోతుంది గనుక అదనపు గుడ్డ కావాలి. కచ్చితంగా లెక్కిస్తే అది 0.85 అంగుళం, స్కేలుపై సులువుగా దొరికేందుకు 7/8 అన్నారు.

అన్నీ ఇలా లొంగవు. ‘డ్రంకార్డ్స్ పాత్’ వంటి వంపు ముక్కలకు నేటికీ అట్ట నమూనా వాడుతూనే ఉన్నారు.

ఈ చరిత్రలో మనకూ ఒక మాట ఉంది. అక్కడి నమూనాలు పత్రికలో అచ్చయి ఉన్నందున, అట్టలు అరిగినా అసలు కొలత తిరిగి దొరికింది. మా అమ్మ కుట్టిన బొంతల కొలతలు ఏ కాగితంపైనా లేవు, ఆమెతోనే పోయాయి. మీ ఇళ్లలో బొంత కుట్టడం ఎరిగిన పెద్దలుంటే, ఎన్ని బెత్తెలు, ఎన్ని వరుసలు, ఏ కుట్టు అన్నది అడిగి నేడే ఒక నోటుబుక్కులో వ్రాసి ఉంచవలసినదిగా సభ్యులకు నా విన్నపం.