ట్రయంఫ్ జంట సిలిండర్లలో పాయింట్ల కాలం

ఇంగ్లండులో ఎడ్వర్డ్ టర్నర్ రూపకల్పనలో 1937లో మొదలైన ట్రయంఫ్ జంట సిలిండర్ల మోటారుసైకిళ్లకు తొలుత బ్యాటరీతో పనిలేని మాగ్నెటోయే నిప్పురవ్వను అందించేది. 1963లో 650 సీసీ ఇంజను, గేర్‌బాక్సు ఒకే కవచంలోకి చేరినప్పుడు, మాగ్నెటో స్థానంలోకి కాయిళ్లు, ఎగ్జాస్ట్ క్యామ్‌షాఫ్టు చివర రెండు జతల కాంటాక్ట్ పాయింట్లు, అంటే విడివడిన క్షణంలోనే కాయిలుకు ప్రవాహాన్ని తెంచి రవ్వ పుట్టించే లోహపు మొనలు, వచ్చాయి. చిక్కంతా ఇక్కడే ఉంది: లూకాస్ కంపెనీ 4సీఏ పలకపై రెండు జతలూ కలిసే కదిలేవి కనుక, ఒక సిలిండరుకు టైమింగ్ కుదిరాక రెండోదాన్ని సరిచేయడానికి 0.015 అంగుళాల గ్యాప్‌నే మార్చవలసి వచ్చేది. మెకానిక్ ఓర్పుకు ఇది అనవసరపు పరీక్షే. 1968 నమూనాలలో వచ్చిన 6సీఏ ప్రతి జతకూ వేరు పలకనిచ్చి, పూర్తి అడ్వాన్సులో పిస్టన్ పైకొసకు చేరడానికి 38 డిగ్రీల ముందు రవ్వ పడేలా, స్ట్రోబ్ దీపపు వెలుగులో రెండు సిలిండర్లనూ విడివిడిగా సరిచూసే వీలు కల్పించింది.