ముంతలో ఉమ్మి, డబ్బాలో తెమడ

ఈ భాగం ఉమ్మి గురించి. మొహం చిట్లించకండి.

పీష్వాల పూనాలో అంటరానివాళ్ళు మెడలో మట్టి ముంత కట్టుకుని తిరగాల్సి వచ్చేదని అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో రాశారు. వాళ్ళ ఉమ్మి నేల మీద పడితే, తెలియక తొక్కిన హిందువు మైలపడతాడట. అంటే ఉమ్మిలో మనిషి పుట్టుక ఉంటుందని కులం నమ్మింది.

బైపీసీ పిల్లలు దీన్ని ల్యాబ్‌లోనే తేల్చుకోవచ్చు. చెంప లోపల పుల్లతో మెల్లగా గీకి, గాజు పలక మీద రాసి, మిథిలీన్ బ్లూ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. పలచటి పొర, లోపల జావలాంటి కణద్రవ్యం, నడుమ ముదురు నీలం చుక్కలా కేంద్రకం. ఉమ్మిలో రాలి తేలే కణాలు ఇవే. ఇరవై మంది పలకలు కలిపేస్తే ఏది ఏ కులపు నోటిదో చెప్పగల లెక్చరర్ లేడు. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో ఖాళీ అరలు చూసి ‘సెల్’ అన్నాడు, అంటే చిన్న గది. తెలుగులో మనం గదిని వదిలేసి ‘కణం’ అన్నాం. తెలుగు చెప్పుకునేవాణ్ణి కదా, నాకు మాత్రం ఆ గదే నచ్చుతుంది.

ఎర్రగడ్డ అనగానే నగరంలో పిచ్చాసుపత్రి అని వెక్కిరిస్తారు. అటుపక్క జూబ్లీహిల్స్‌లో సినిమావాళ్ళ బంగళాలు. మా వాడకు మాత్రం ఎర్రగడ్డ అంటే ఛాతీ ఆసుపత్రి, టీబీ దవాఖాన. నేను ఏడో తరగతిలో ఉండగా మా పెద్దబాపు అక్కడికి వెళ్ళారు. చిన్న డబ్బా ఇచ్చి, లోపల్నుంచి దగ్గి తెమడ తీయమన్నారు. ఉత్త ఉమ్మి పనికిరాదు, అందులో ఎక్కువ చెంప కణాలే. వెతికేది ఊపిరితిత్తుల్లో ఉన్నదాన్ని.

దాన్ని కనిపెట్టానని రాబర్ట్ కోచ్ బెర్లిన్‌లో ప్రకటించింది 1882 మార్చి 24న. అదీ ఒక కణమే. పొడవు 2 నుంచి 4 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు రెండు నుంచి నాలుగు రెట్లు. కేంద్రకం లేదు. మన కణాలకు లేనిది దానికి ఉన్నది గోడ. మైకాలిక్ ఆమ్లాలతో కట్టిన మైనపు గోడ. మామూలు రంగులు సరిగా పట్టవు. కార్బాల్ ఫుక్సిన్ ఎరుపు పోసి వేడి చేస్తే పడుతుంది, ఆ తర్వాత ఆమ్లంతో కడిగినా వదలదు. నీలపు నేల మీద సన్నటి ఎర్ర పుల్లల్లా కనిపిస్తాయి.

మన మాక్రోఫేజ్ కణం దాన్ని మింగుతుంది కానీ అరిగించుకోలేదు. అరిగించే సంచి లైసోజోమ్ వచ్చి కలవకుండా ఆ క్రిమి అడ్డుపడుతుంది. తనను మింగిన గదిలోనే కాపురం పెడుతుంది. ఒకటి రెండు కావడానికి దాదాపు ఒక రోజు తీసుకుంటుంది, మందులు నెలల తరబడి వాడటానికి అదీ ఒక కారణం. 1952లో వాడుకలోకి వచ్చిన ఐసోనియాజిడ్ దెబ్బకొట్టేది ఆ గోడ కట్టే పనినే.

పెద్దబాపు తిరిగొచ్చాక మా అమ్మ ఆయనకు వేరే గ్లాసు పెట్టింది. ఊరి హోటల్లో బతుకంతా వేరే గ్లాసులో చాయ్ తాగిన మనిషి. ఏమీ అనలేదు. తాగి, తనే కడిగి, మూలకు బోర్లించేవారు. అమ్మది భయమే, నాకు తెలుసు. కానీ ఈ టీబీ గ్లాసుతో రాదు, కంచంతో రాదు, ముట్టుకుంటే రాదు. దగ్గినప్పుడు లేచే సన్నటి తుంపర్లతో గాలిలో వస్తుంది, గాలి ఆడని గదిలో గంటల తరబడి నిలుస్తుంది. మాది ఒకటే గది. ఏడుగురం. కిటికీ లేదు. ఊరు మాకు వదిలిన జాగా అంతే మరి.

1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ కేంద్రం పెట్టారు. పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో, కొందరిని వాళ్ళ ఇరుకిళ్ళలోనే ఉంచి ఒకే మందులిచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి: ఇళ్ళలో ఉన్నవాళ్ళకూ దాదాపు అంతే నయమైంది, వాళ్ళ ఇంటివాళ్ళకు అదనంగా జబ్బు రాలేదు. అంటుకునేది ఎక్కువగా మందు మొదలవకముందే. రోగిని దూరం పెట్టాల్సిన పనిలేదని లోకానికి చూపించింది మన పక్క ఊరే.

అయినా 2015లో ఛాతీ ఆసుపత్రిని వికారాబాద్‌కు పంపి, ఎర్రగడ్డ జాగాలో సెక్రటేరియట్ కడతామని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. దగ్గేవాళ్ళను ఊరవతలికి పంపే ఆలోచన మనకు కొత్తదా? జనం ఎదురుతిరిగారు. చివరికి సెక్రటేరియట్ పాత చోటే కట్టి 2023లో తెరిచారు.

పెద్దబాపు ఆరు నెలలు మందులు వాడి బాగయ్యారు. ఆ తర్వాత తెమడలో ఎర్ర పుల్లలు కనపడలేదు. ఇంకా పదకొండేళ్ళు బతికారు. ఆ పదకొండేళ్ళూ చాయ్ ఆ గ్లాసులోనే.