ఇరవై నాలుగులో ఇమడని ఐదు

మన సంగీతంలో కాలప్రమాణానికి అంకె లేదు. విళంబం, మధ్యమం, ద్రుతం అంటాము. పాడేవారు ఎత్తుకున్న నడకను మృదంగం వాయించేవారు రెండు ఆవర్తాలలో పట్టుకుంటారు. నిమిషానికి ఎన్ని దెబ్బలని అడిగేవారు కచేరీలో ఉండరు. ఐరోపాలో మాత్రం ఆ ప్రశ్నకు అంకె పుట్టి రెండు శతాబ్దాలు దాటింది. ఆమ్‌స్టర్‌డాం నగరంలో వింకెల్ అనే ఆయన 1814లో చేసిన లోలకపు యంత్రానికి కొలతల పట్టీ తగిలించి, మెల్జెల్ 1815లో తన పేర పేటెంటు తీసుకున్నాడు. 1817లో బీథోవెన్ అంతటివాడు తన సింఫనీలకు మెట్రోనోము అంకెలు ప్రకటించాడు. (యంత్రం మెల్జెల్ పేరుతోనే నిలిచిపోయింది. వింకెల్ పేరు తెలిసినవారు ఎందరో!)

ఆ అంకె తాళం వాయించే యంత్రాలలోకి, అక్కడి నుండి కంప్యూటరులోకి ప్రవేశించిన తీరు చెప్పాలని ఈ వ్యాసం. ఆ దారిలో మన ఖండగతి, మిశ్రగతి ఎక్కడ జారిపోయాయో తెలుసుకోవాలన్న స్వార్థం కూడా ఉంది.

విచిత్రమేమంటే మొట్టమొదటి యంత్రంలో అవి జారిపోలేదు. 1931లో అమెరికా స్వరకర్త హెన్రీ కోవెల్ కోరికపై లియోన్ థెరెమిన్ నిర్మించిన రిథ్మికాన్‌లో, ఒకే కాలవ్యవధిని ఒకటి మొదలు పదహారు వరకు ఎన్ని సమభాగాలుగానైనా విడగొట్టి, వాటిని ఒకదానిపై ఒకటి మోగించవచ్చు. రంధ్రాలున్న పళ్ళాలు తిరుగుతుంటే వెలుగు వాటిగుండా పడి శబ్దమయ్యేది. అందులో మూడుకూ నాలుగుకూ ఉన్న గౌరవమే ఐదుకూ ఏడుకూ ఉంది. 1959లో వుర్లిట్జర్ సంస్థ అమ్మకానికి తెచ్చిన సైడ్‌మాన్ కూడా తిరిగే పళ్ళెం మీదే నడిచింది. పళ్ళెం మీది లోహపు స్పర్శ ఎక్కడ తగిలితే అక్కడ డ్రమ్ము మోగుతుంది. లయ పెంచాలంటే పళ్ళెం వేగం పెంచాలి, అంతే. వృత్తాన్ని ఐదుగా చీల్చినా, ఏడుగా చీల్చినా పళ్ళేనికి అభ్యంతరం ఉండదు.

అభ్యంతరం లెక్కపెట్టే యంత్రాలతో వచ్చింది. 1978లో రోలాండ్ సంస్థ సీఆర్-78లో మైక్రోప్రాసెసరు పెట్టింది. వాడుకరి తన దరువులు తానే రాసుకునే వీలు కలిగింది. 1980లో రోజర్ లిన్ ఎల్ఎమ్-1 తెచ్చాడు. నిజమైన డ్రమ్ముల నుండి నమోదు చేసిన శబ్దాలు దాని మొదటి ఆకర్షణ. నా దృష్టిలో అంతకన్నా పెద్ద సంగతి అది కాలాన్ని చూసిన తీరు. ఒక్కొక్క బీటును 48 టిక్కులుగా తరిగి, వేలు కాస్త ముందువెనుకలుగా పడినా దెబ్బను దగ్గరి గడిలోకి జరిపేది. దీనికే క్వాంటైజు అని పేరు. అలా జరిపితే దరువు కట్టెలా బిగుసుకుంటుంది కనుక స్వింగు అనే విరుగుడు కూడా ఆయనే ఇచ్చాడు. జంట దెబ్బలలో రెండవదానిని కొద్దిగా ఆలస్యం చేయడమే స్వింగు. ఆ మీటలపై 50, 54, 58, 62, 66 అని శాతాలు ఉంటాయి. ఈ అంకెలు ఎవరి చెవి ఎంచినవీ కావు. జంటకు 24 టిక్కులు. రెండవ దెబ్బను 12 నుండి 13కి జరిపితే 54 శాతం, 14కి జరిపితే 58. ఒక తరం సంగీతమంతా ఊగిన ఊపు, నిజానికి టిక్కు తరువాత టిక్కు!

అప్పట్లో రోలాండ్ యంత్రాలు బీటుకు 24, లిన్ యంత్రాలు 48, ఓబర్‌హైమ్ యంత్రాలు 96 స్పందనలు పంపేవి. ఒక సంస్థ యంత్రంతో మరొకదాని యంత్రం కలిసి నడవాలంటే మధ్యవర్తి కావాలి. 1983లో వచ్చిన మిడి ప్రమాణం ఆ తగవు తీర్చింది. బీటుకు 24 స్పందనలని స్థిరపరిచింది. ఈ గడియారం లయ ఎంతో చెప్పదు. 24 సార్లు తట్టి ఊరుకుంటుంది. వినే యంత్రం ఆ తట్లను లెక్కపెట్టుకుంటూ వెంట నడుస్తుంది.

ఇరవై నాలుగును మూడు భాగిస్తుంది, నాలుగు భాగిస్తుంది. తకిట, తకధిమి సుఖంగా కూర్చుంటాయి. తకతకిట? 24ను ఐదు భాగిస్తే 4.8. దగ్గరి టిక్కులకు జరిపితే దెబ్బల మధ్య ఎడాలు 5, 5, 4, 5, 5 అవుతాయి. నిమిషానికి 60 బీట్ల విళంబంలో ఒక టిక్కు 42 మిల్లీసెకన్లు. అంటే మూడవ అక్షరం తరువాతి ఎడం మిగిలినవాటికన్నా అంత పొట్టి. మృదంగం నేర్చుకునే పిల్లవాడు అలా వాయిస్తే గురువుగారు ఊరుకోరు.

ఇది యంత్రాలను కలిపే గడియారమే కదా, లోపలి లెక్క సూక్ష్మంగా ఉండవచ్చు కదా అని మిత్రులు అడగవచ్చు. నిజమే. అయితే 1988లో లిన్ అకాయ్ సంస్థకు రూపొందించిన ఎంపీసీ-60 లోపలి లెక్క 96. అందులోనూ ఐదు ఇమడదు. తరువాత కంప్యూటరు సాఫ్టువేర్లలో వాడుకైన 480, 960లలో ఐదు ఇమిడింది, ఏడు ఇమడలేదు. 960 దగ్గర తేడా చెవికి అందనంత చిన్నదనుకోండి. అసలు చిక్కు తెరమీది గీతలలో ఉంది. హైడ్రోజన్ అనే స్వేచ్ఛా డ్రమ్ము సాఫ్టువేరునే చూడండి. బీటుకు 48 టిక్కులు. గళ్ళలో చాలాకాలం మూడుకు మాత్రమే వేరే గీతలు. గీత లేనిచోట దెబ్బ వేయాలని కొత్తవాడికి ఎలా తోస్తుంది? అందులో దెబ్బలను యాదృచ్ఛికంగా అటూ ఇటూ జరిపి మనిషి చేతిని అనుకరించే మీట కూడా ఉంది. మనిషి తడబాటు పాచికల ఆట కాదు. క్వాంటైజును పక్కనపెట్టి ఎంపీసీ మీద చేత్తో వాయించిన జే డిల్లా దరువులు వింటే, ఆలస్యం కూడా ఒక నిర్ణయమేనని తెలుస్తుంది.

మిడి ఫైలు ప్రమాణం 1988 నాటిది. అందులో లయను నిమిషానికి ఇన్ని బీట్లని కాక, బీటుకు ఇన్ని మైక్రోసెకన్లని రాస్తారు. 120 అంటే 5,00,000. లయ క్రమంగా తగ్గాలంటే వాలు గీసే వీలు లేదు, చిన్నచిన్న మెట్లు కట్టుకుంటూ పోవాలి. కానీ ఆ ఫైలులో ఒక తలుపు మొదటినుండీ తెరిచే ఉంది: బీటుకు టిక్కులు 32,767 వరకు ఎన్నైనా పెట్టుకోవచ్చు. 2,520 అని రాస్తే చాలు. ఒకటి నుండి పది వరకు ప్రతి అంకే దానిని శేషం లేకుండా భాగిస్తుంది. తిశ్ర, చతురశ్ర, ఖండ, మిశ్ర, సంకీర్ణ గతులు ఐదూ అందులో పూర్ణాంకాలే.

కనుక సాఫ్టువేరు రాసే మిత్రులకు నా కోరికల చిట్టా పెద్దదేమీ కాదు. టిక్కులు 2,520 చేయండి. ప్రతి దరువుకూ గతి ఎంచుకునే మీట పెట్టి, తెరమీద గీతలు ఆ గతి ప్రకారమే గీయండి. లయకు మెట్లతో పాటు వాలు కూడా ఇవ్వండి. మరొకటి: తీర్మానం ఎక్కడ ముగియాలో చెబితే, మూడు ఆవృత్తులనూ వెనక్కి లెక్కగట్టి ఎక్కడ ఎత్తుకోవాలో చూపించండి. మృదంగ విద్వాంసులు మనసులో చేసుకునే లెక్కే అది. కంప్యూటరుకు రెండు కూడికలు, ఒక తీసివేత.